విమానం మీద హైదరాబాద్ పేరు

మా బాపు చుట్టాల వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయి పదకొండు రోజులైంది. నేనేమీ తీసెయ్యలేదు, ఆయనే వెళ్ళిపోయాడు. కారణం మాత్రం నేనే.

ఒకరోజు పొద్దున ఆయన గ్రూపులో ఒక పాత నలుపు తెలుపు ఫొటో పెట్టాడు. ఒకదానిమీద ఒకటి రెండు వరుసల రెక్కలున్న విమానం. పక్కన తోలు కోట్లు వేసుకున్న ఇద్దరు తెల్లవాళ్ళు. విమానం ఒంటి మీద ఇంగ్లిష్ అక్షరాలు, సగం చెరిగిపోయినట్టు. కింద ఎవరో రాసిన ముక్క: '1948లో నిజాం కోసం వచ్చిన యుద్ధ విమానం, మీద హైదరాబాద్ అని ఉంది చూడండి.' బాపు దానికి తన మాట ఒకటి కలిపాడు: 'మా అమ్మ చిన్నప్పుడు రాత్రిపూట విన్న చప్పుడు దీనిదే.'

నేనప్పుడు ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. వారంలో మూడు రోజులు మెదక్‌లో ఇంటినుంచే పని, రెండు రోజులు హైదరాబాద్. మీటింగ్‌లో మాట్లాడేది నేను కాదు కాబట్టి ఫోన్ చూశా. రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేశా. 'ఫేక్. 1948 నాటికి ఇసొంటి విమానాలు ఎవరు వాడతరు? అక్షరాలు ఫొటోషాప్ చేసిండ్రు. చూసుకొని పంపు బాపూ.' నలభై ముగ్గురు చుట్టాల ముందు. మా చిన్నాయన కొడుకు పగలబడి నవ్వే బొమ్మలు మూడు పెట్టాడు. సాయంత్రానికి బాపు గ్రూపులో లేడు.

ఆయన ముప్పై రెండేళ్ళు సర్కారు బళ్ళో సోషల్ చెప్పిన మనిషి. తేదీలు తప్పు చెబితే పిల్లల చెవులు మెలిపెట్టిన చెయ్యి. ఆ మనిషికి నేను హిస్టరీ చెప్పా, అదీ గ్రూపులో. అయినా అమ్మ కోపం దాని గురించి కాదు. రొట్టెలు చేస్తూ, నా వైపు చూడకుండా అన్నది: "ఫొటో సంగతి వదిలెయ్యి. మీ అవ్వ విన్నదన్న మాటను గూడ అబద్ధం జేసినవ్ గదరా."

అది తగిలింది. మా అవ్వ అంటే బాపు వాళ్ళమ్మ. ఆమె పుట్టిల్లు జహీరాబాద్ దిక్కు పల్లె. బీదర్ అక్కడికి దగ్గర. పోలీసు యాక్షన్ ముందు రోజుల్లో, తనకు పదీపన్నెండేళ్ళప్పుడు, అర్ధరాత్రి ఆకాశంలో పెద్ద మోత వచ్చేదని, పెద్దవాళ్ళు దీపాలు ఆర్పేసేవాళ్ళని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మేము 'ఊఁ' కొట్టి బయటికి ఆడుకోను పోయేవాళ్ళం. ఆమె పోయి ఆరేళ్ళు. ఆ చప్పుడు గురించి ఇప్పుడు చెప్పగలిగేది బాపు ఒక్కడే, ఆయన నోరు నేను మూయించా.

ఆ రాత్రి ఫొటోను పెద్దది చేసి చూడడం మొదలుపెట్టా. నా ఉద్యోగం కూడా అదే తరహాది. బిల్లుల మీద, రసీదుల మీద అచ్చు అక్షరాలను కంప్యూటర్ చదివేటట్టు చేసే సాఫ్ట్‌వేర్ మీద నాలుగేళ్ళుగా పని. నలిగిన పెట్రోల్ బంక్ చీటీని చదివించిన వాణ్ణి, ఒక విమానాన్ని చదివించలేనా అనుకున్నా. ప్రోగ్రాంలో వేస్తే 'డెరా' అని ఒక ముక్క, 'బాడ్' అని ఇంకో ముక్క, పైన ఎక్కడో 'నిజా' అని వచ్చింది. మిగతా అంతా చెత్త. కానీ ఒక సంగతి తేలిపోయింది. అక్షరాలు తర్వాత అతికించినవైతే, విమానం ఒంటికి కప్పిన గుడ్డ ముడతల మీద అవి సాఫుగా, ఒకే మందంతో ఉండాలి. ఇక్కడ గుడ్డ ఎక్కడ వంగిందో అక్షరమూ అక్కడే వంగింది. ఫొటోషాప్ కాదు. నా తీర్పులో సగం అప్పుడే పోయింది.

మిగతా సగానికి వారం పట్టింది.

విమానాల మీద గుర్తులు చదవడం నాకు తెలియని విద్య. మొదలుపెట్టాక తెలిసింది, మనం రోజూ రోడ్డు మీద చేసేదే. ఏపీ 23 అని బండి కనిపిస్తే పాత ఉమ్మడి మెదక్ జిల్లా బండి అని ఎవరైనా చెప్తారు. టీఎస్ 35 అయితే 2016లో జిల్లాలు విడిపోయినంక కొన్నదని, మెదక్ కొత్త జిల్లాదని అర్థమైపోతుంది. బండి ముసలిదా వయసుదా అని సైలెన్సర్ చూసే పనిలేదు. యుద్ధ విమానాలకూ అంతే. ఒక గుర్తు దేశానిది, ఒకటి దళానిది, ఒకటి ఆ ఒక్క విమానానిది.

మొదట దేశం. మా ఫొటోలో రెక్క మీద గుండ్రని గుర్తు ఉంది, ఒకదానిలో ఒకటి మూడు వలయాలు. బ్రిటన్‌వాళ్ళది మధ్యలో ఎరుపు, తర్వాత తెలుపు, బయట నీలం. ఫ్రాన్సు వాళ్ళది సరిగ్గా తిరగేసి, మధ్యలో నీలం, బయట ఎరుపు. రంగుల్లో అయితే చిన్నపిల్లలు కూడా చెప్తారు. నలుపు తెలుపులో ఎట్లా? ఇక్కడ నాకు భలే సంగతి దొరికింది. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫొటో పలకలకు ఎరుపు దాదాపు కనిపించదు. అందుకే ఎరుపు నల్లగా పడుతుంది, నీలం మాత్రం లేతగా తేలిపోతుంది. మా ఫొటోలో మధ్య చుక్క కారునలుపు, బయటి వలయం లేత బూడిద. అంటే మధ్యలో ఉన్నది ఎరుపు. బ్రిటన్ విమానం.

ఈ గుర్తులు అలంకారం కోసం పెట్టినవి కావు. తన సైన్యమే తనను కాల్చకుండా కాపాడేవి అవే. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వైపు ఎగిరిన మన విమానాల గుర్తులోంచి మధ్య ఎర్రచుక్క తీసేశారు. జపాన్ వాళ్ళ గుర్తు ఎర్రటి బిళ్ళ కాబట్టి, దూరంనుంచి చూసి పొరబడతారని. ఇప్పుడు దుండిగల్ అకాడమీ శిక్షణ విమానాల మీద కనిపించేది బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇన్నేళ్ళు తలెత్తి చూశా గానీ, ఏ రంగు బయట ఏ రంగు లోపల అని ఎవరైనా అడిగుంటే తడబడేవాణ్ణి.

తర్వాత ఏ విమానం అన్నది. రెండు రెక్కల వరుసలు, ఇద్దరు కూర్చునే చోటు, ముక్కు మీద పాత కారుకు ఉన్నట్టు నలుచదరపు రేడియేటర్. ఆ రేడియేటర్‌తోనే పట్టుకున్నా. డీహెచ్ 9ఏ. దాని ముందు వచ్చిన డీహెచ్ 9కి ముక్కు అట్లా ఉండదు, ఇంజన్ తలలు పైకి కనిపిస్తుంటాయి. 9ఏలో 400 గుర్రాల శక్తి గల అమెరికా లిబర్టీ ఇంజన్ పెట్టారు, దాన్ని చల్లబరచడానికి ఆ పెద్ద రేడియేటర్. ఇది 1918లో యుద్ధంలోకి వచ్చిన బాంబర్.

ఇక హైదరాబాద్ అన్న పేరు. ఇది తెలిసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా. బ్రిటన్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో దాని మొదటి విమానాలన్నిటికీ డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఒక్కో విమానం మీద అది నిజాం కానుక అని, హైదరాబాద్ అని రాశారు. డీహెచ్ 9ఏలతో ఫ్రాన్సుకు వెళ్ళిన మొట్టమొదటి దళం అదే, 1918 సెప్టెంబర్‌లో. యుద్ధం నవంబర్ 11న అయిపోయింది. ఈలోగా రెండు నెలల్లో 17 విమానాలు తిరిగిరాలేదు, 28 ప్రమాదాల్లో తునకలయ్యాయి. పదిన్నర టన్నుల బాంబులు వేశారు. ఆ లెక్క చదివి నా ఇంజనీరు బుర్ర వెంటనే భాగహారం చేసింది, తర్వాత సిగ్గేసింది. విమానానికి ఇద్దరు మనుషులు.

అందులో ఒక విమానం కథ వేరే. వెనక ఒంటి మీద ఎఫ్ 1010 అని నంబరు. ఇంగ్లండ్‌లో యోవిల్ ఊళ్ళో వెస్ట్‌లాండ్ కంపెనీ కట్టింది. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీదికి దాడికి వెళ్ళి శత్రువు నేల మీద దిగాల్సొచ్చింది. నడిపిన కెప్టెన్, వెనక తుపాకీ పట్టిన లెఫ్టినెంట్ ఇద్దరూ బందీలయ్యారు. ఇంకో అయిదు వారాలు గడిస్తే యుద్ధమే లేదు. జర్మన్లు విమానాన్ని దాచుకున్నారు. బెర్లిన్‌లో విమానాల మ్యూజియం పెట్టి అందులో చూపించారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే మ్యూజియం వస్తువులను తూర్పుకు తరలించారు. యుద్ధం అయ్యాక సరిహద్దులు జరిగాయి, అది ఉన్నచోటు పోలండ్ అయింది. క్రాకోవ్ మ్యూజియంలో ఏళ్ళకేళ్ళు ఉంది. 1977లో బ్రిటన్ వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దాన్ని మార్చుకున్నారు. బాగుచేసి 1983లో లండన్ హెండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది, నిజాం పేరు, హైదరాబాద్ పేరుతో సహా. డబ్బిచ్చిన ఊరికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరూ హైదరాబాదే. దాని చిహ్నం మీద నిజాం తలపాగా బొమ్మ. కింద 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థమొచ్చే ఇంగ్లిష్ మాట. 253 కూడా హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రనే. 110 చిహ్నంలో పులి ఉంటుంది, అదీ నిజాం చిహ్నంలోంచి వచ్చిందే. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగేవాళ్ళలో ఎంతమందికి ఇది ఎరుకో నాకు తెలీదు. నాకు మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఎరుక లేదు.

ఈ వెతుకులాటలో పక్కదారి ఒకటి పట్టా. చెప్పకుండా ఉండలేను. 110వ దళం మకాం ఉన్న ఫ్రాన్సు తూర్పు భాగానికి స్విట్జర్లాండ్ మరీ దూరం కాదు. యుద్ధంలో ఎవరి వైపూ లేని దేశం. దెబ్బతిన్న విమానం అక్కడ దిగితే ఏమవుతుంది? మనుషులను యుద్ధం అయ్యేదాకా కదలనివ్వరు, విమానాన్ని ఉంచుకుంటారు. హాలండ్ కూడా అప్పుడు తటస్థ దేశమే. అక్కడ దిగిన బ్రిటన్, జర్మనీ విమానాల్లో చాలావాటిని వాళ్ళే కొనుక్కుని, పాత గుర్తులు చెరిపి నారింజరంగు బిళ్ళ వేసుకుని నడిపారు. మన సెకండ్‌హ్యాండ్ బండికి నంబర్ ప్లేట్ మార్చినట్టే.

రెండో యుద్ధంలో స్విస్ వాళ్ళకు ఇంకా పెద్ద తలనొప్పి వచ్చింది. 1944 ఏప్రిల్ 28 రాత్రి జర్మన్ రాత్రి యుద్ధవిమానం ఒకటి, మెసర్‌ష్మిట్ 110, జ్యూరిక్ పక్కన డ్యూబెన్‌డార్ఫ్‌లో దిగింది. ఒంటి మీద సీ9, నల్ల శిలువ, తర్వాత ఈఎన్. చదవడం వచ్చినవాడికి అందులో అంతా ఉంది. సీ9 అంటే అయిదో రాత్రి యుద్ధ దళం. ఈ అంటే ఆ ఒక్క విమానం. ఎన్ అంటే ఆ దళంలో అయిదో టోళీ. లోపల రహస్య రాడార్. అది ఇంగ్లిష్ వాళ్ళ కంట పడుతుందేమోనని జర్మన్లకు నిద్రలేదు. చివరికి బేరం కుదిరింది. స్విస్ వాళ్ళు ఆ విమానాన్ని పేల్చేస్తారు, బదులుగా జర్మనీ వాళ్ళకు 12 మెసర్‌ష్మిట్ 109లు అమ్ముతుంది. అట్లాగే చేశారు. తటస్థం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకునేవాణ్ణి. బేరమాడేవాళ్ళలో వాళ్ళూ తక్కువ తినలేదు.

సరే, 1948 సంగతి. ఫొటో కింద ఆ ఏడు ఎందుకు పడింది? ఎవరో రెండు నిజాలను ఒక ముడి వేశారని అర్థమైంది. 1948లో హైదరాబాద్‌కు రాత్రిపూట విమానాలు వచ్చిన మాట వాస్తవం. 1947 నవంబర్‌లో యథాతథ ఒప్పందం అయ్యాక, అటు ఇండియాలో కలవక, ఇటు స్వతంత్రమూ నిలబడక సంస్థానం ఊగుతున్న రోజులవి. సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియన్, రెండో యుద్ధం ముందు జర్మనీ మీద రహస్యంగా ఫొటోలు తీసిన మొనగాడు, నిజాం కోసం కరాచీ నుంచి ఆయుధాలు మోశాడు. బీదర్, వరంగల్ విమానాశ్రయాల్లో చీకట్లో దించేవాళ్ళు. తర్వాత బ్రిటన్‌లో కోర్టు ఆయనకు జరిమానా వేసింది. కానీ ఆయన వాడినవి లాంకాస్ట్రియన్లు. లాంకాస్టర్ అనే యుద్ధ బాంబర్‌కు తుపాకీ గూళ్ళు తీసేసి, మనుషులనూ సరుకునూ మోసేందుకు మార్చినవి. మొత్తం లోహం, ఒకే వరుస రెక్క, నాలుగు ఇంజన్లు. మా ఫొటోలోది కర్ర, గుడ్డ, ఒక్క ఇంజన్. అది 1948ది కానే కాదు.

ఫొటోలో నంబరు చివర సున్నా ఉన్నట్టు అనిపిస్తుంది, ముందు అక్షరం ఎఫ్ లాగే ఉంది. ఎఫ్ 1010 అదే అని ప్రమాణం చెయ్యను. ఆ దళానిది అని మాత్రం ఎవరి ముందైనా చెప్తా.

అంటే నేను చెప్పినదాంట్లో ఏడు తప్పన్నది ఒక్కటే సరి. అక్షరాలు నిజం. పేరు నిజం.

పన్నెండో రోజు ఆదివారం లాప్‌టాప్ తీసుకుని అరుగు మీదికి పోయా. బాపు పేపర్ చదువుతున్నాడు. పక్కన కూర్చుని ఏమీ అనకుండా మ్యూజియంలోని విమానం ఫొటో తెరిచిపెట్టా. పేపర్ పక్కనుంచి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"గిది లండన్ల ఉన్నదా?"

"ఉన్నది బాపూ. ఫొటోషాప్ గాదు. నేనే తప్పన్న."

దానికి ఏమీ అనలేదు. "ఏ యేడుది?" అని అడిగాడు.

"పద్ధెనిమిది. నలభై ఎనిమిది గాదు."

1918 అనేసరికి ఆయన పేపర్ మడిచేశాడు. బళ్ళో పాఠం మొదలుపెట్టే ముందు కూడా అట్లాగే పుస్తకం మూసేవాడట, ఆయన దగ్గర చదివినవాళ్ళు చెప్తారు. "పద్ధెనిమిదిల ఈడ ఏం నడుస్తుండెనో ఎరుకనా నీకు?" అని అరుగు మీద నుంచే చర్చి వైపు చెయ్యి చూపించాడు. మా ఇంటి ముందు నిలబడితే ఆ శిఖరం కనిపిస్తుంది, 175 అడుగులు. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రార్థనకు తెరిచారు. పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి ఊరికే అన్నం పెట్టకుండా, పని ఇచ్చి కూలికి గింజలు ఇచ్చి కట్టించాడని ఊరంతా చెప్పే మాటే. మేము ఆ మతం వాళ్ళం కాదు. కానీ బాపు వాళ్ళ నాయనమ్మ, అంటే మా ముత్తవ్వ, పధ్నాలుగు పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆ గోడలకు రాళ్ళు మోసింది. ఈ సంగతి నాకు తెలుసు. ఏ ఏడు అని మాత్రం ఎన్నడూ అడగలేదు.

"పద్ధెనిమిదిల వానలు పడలె," అన్నాడు. "దేశమంత గట్లనే. దానెన్క జ్వరాల రోగం. మా నాయనమ్మ తలకు చుట్టబట్ట బెట్టుకొని రాయి మోస్తే సాయంత్రం ఇన్ని జొన్నలు. గా జొన్నలు ఇంటికి తెస్తె అందరు తినాలె. మరి గీ విమానాలకు పైసలు ఎవరియి?"

"నిజాంవి."

"నిజాం దున్నిండా?" అన్నాడు. "ఖజానా అనుకో, ఆయన సొంతం సర్ఫెఖాస్ అనుకో. శిస్తు గట్టింది ఎవరు? గింజ పండించింది ఎవరు?"

నేను మాట్లాడలేదు. ఆయన కోపంగా అనలేదు, కోపమైతే సులభంగా ఉండేది. క్లాసులో చివరి బెంచీవాణ్ణి అడిగినట్టు, జవాబు వస్తుందేమోనని చూసినట్టు అడిగాడు. నాకు లాప్‌టాప్ తెర మీద ఆ అక్షరాలు కనిపిస్తున్నాయి. ఎంత శ్రద్ధగా రాశారో. వందేళ్ళు దాటినా, మూడు దేశాలు తిరిగినా చెరగనిచ్చినవాళ్ళు లేరు. చర్చి గోడల వైపు చూశా. అందులో ఏ రాయి మా ముత్తవ్వ మోసిందో చెప్పే నంబరు ఏమీ లేదు.

కాసేపటికి అమ్మ చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, ఒక్క మాటా అనకుండా లోపలికి పోయింది. ఆమె అట్లా పోయిందంటే సంగతి సర్దుకున్నదని లెక్క.

"బాపూ, గ్రూపుల మళ్ళ జేర్చాల్నా నిన్ను?"

"జేర్చు." చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "ఫొటో సంగతి నువ్వే రాయి. నీ మాట నువ్వే మార్చుకో."

ఫోన్ తీశా. ఆయన కొంచెంసేపు ఆగి, "మరి మా అమ్మ విన్నది?" అన్నాడు.

"అవి వేరే విమానాలు. నాలుగు ఇంజన్లయి. రాత్రి పూట బీదర్ల దిగేటియి."

"అయితే విన్నది నిజమే గద."

"నిజమే."

"గది రాయి ముందుగాల," అన్నాడు.